సన్యాసి రాయి తల తడిస్తే

కావోనిసి ద్వీపానికి రేవు కట్టకముందు, పిరయస్ నుంచి వచ్చే ఓడ ఒడ్డుకు రాలేక అర మైలు దూరంలోనే నిలబడిపోయేది. అక్కడి నుంచి మనుషుల్నీ మూటల్నీ మేకల్నీ ఒడ్డుకు చేర్చేది జన్నీస్ పడవ. ముప్పై ఒక్క ఏళ్ళు చేశాడా పని. ఆడపిల్ల పుట్టింటికి వచ్చినా, రోగి ఆస్పత్రికి వెళ్ళినా, ఎండాకాలం సెలవులకు ఏ దేశపు మనిషి వచ్చినా అతని చెయ్యి పట్టుకుని దిగవలసిందే.

ఓడ పక్కన వేలాడే మెట్ల చివర నిలబడ్డ మనిషిని పడవలోకి దించడం చూసినంత సులువు కాదు. అల లేచినప్పుడు పడవ మెట్టుకు సమానంగా వస్తుంది. రెప్పపాటు ఆగి, నిలువెత్తు కిందికి పడిపోతుంది. ఆ రెప్పపాటులో జన్నీస్ "ఇప్పుడు" అనేవాడు. అన్నప్పుడు అడుగు వేసెయ్యాలి. సెలవుల జనానికి అదొక ఆట. టోపీలు పట్టుకుని కేరింతలు కొట్టేవారు, ఫొటోలు తీయించుకునేవారు. అతను మాత్రం నవ్వేవాడు కాదు. ముసలివాళ్ళను చంకల కింద చేతులు వేసి, గుడ్ల బుట్టను దించినట్టు దించేవాడు.

ఒడ్డుకు ఎదురుగా నీళ్ళలో సన్యాసి రాయి అని ఒక నల్లని బండ ఉంది. దక్షిణపు గాలికి నురుగు ఎగిసి దాని తల తడిసిందంటే పడవ దించకూడదు. జన్నీస్ తండ్రి పెట్టిన కట్టుబాటది. అది పెట్టడానికి ముందు ఆయన ఇద్దరు మనుషుల్ని సముద్రంలో పోగొట్టుకున్నాడు. ఓడ వచ్చే రోజు ఊరంతా లేవగానే సిలువ గుర్తు వేసుకుని ఆ రాయి వంక చూసేది, కాఫీ ఆ తర్వాతే. రాయి తడిస్తే జన్నీస్ ఒడ్డున నిలబడి రెండు చేతులూ తలపైన అడ్డంగా పట్టేవాడు. ఓడ మూడుసార్లు కూత పెట్టి, దిగవలసినవాళ్ళతో సహా రేవున్న పక్క ద్వీపానికి వెళ్ళిపోయేది. వాళ్ళు అక్కడ దిగి, నాలుగు రోజులకు తిరుగు ఓడలో వచ్చేవారు.

అలా ఒకసారి కతీంగో కొడుకు పంటెలిస్‌ను దించలేదు. వాడు సరుకుల ఓడల్లో పనిచేసి, ఒళ్ళు కాలిపోయే జ్వరంతో ఇంటికి వస్తున్నాడు. కతీంగో విధవరాలు, వాడొక్కడే కొడుకు. జన్నీస్ చేతులు అడ్డం పట్టాడు. పంటెలిస్ పక్క ద్వీపంలోనే రెండో రోజున పోయాడు.

"ఆరోజు రాయి తల పొడిగా ఉంది. నా కళ్ళతో నేను చూశాను. వీడు భయపడి చంపాడు నా బిడ్డని" అని కతీంగో పన్నెండేళ్ళుగా చెబుతూనే ఉంది. జన్నీస్ ఎదురొస్తే సందు మారేది. అతను ప్రతి శుక్రవారం నాలుగు చేపలు తాడుకు గుచ్చి ఆమె గుమ్మానికి తగిలించేవాడు. ఆమె వాటిని అతను చూస్తుండగానే పిల్లులకు వేసేది. అతను తగిలించడం మానలేదు, ఆమె వెయ్యడమూ మానలేదు. ఆ వీధి పిల్లులు గొర్రెపిల్లల్లా బలిశాయి.

పన్నెండో ఏడు శీతాకాలం ముందు జన్నీస్ భార్య మారుసోకు కడుపులో గడ్డ లేచింది. ఆమెను ఏథెన్స్ పంపారు. డాక్టర్లు కోసి, చూసి, మళ్ళీ కుట్టేశారు. ఫిబ్రవరిలో మేనకోడలి చేత ఉత్తరం రాయించింది. ఇంక ఇక్కడ చేసేదేమీ లేదట, నా మంచం మీద నేను పోతాను, బుధవారం ఓడకు వస్తున్నాను, నన్ను నువ్వే దించుకో, ఇంకెవరి చెయ్యీ పడనివ్వకు అని. ఆ ఉత్తరాన్ని జన్నీస్ నికోలాస్ పునీతుడి పటం వెనక పెట్టి, రోజూ దీపం వెలిగించాడు. పరుపు ఎండలో వేశాడు. దిండుకు కొత్త గలీబు తనే కుట్టాడు, వంకరటింకరగా.

మంగళవారం సాయంత్రానికి దక్షిణపు గాలి లేచింది.

బుధవారం తొమ్మిదింటికి ఓడ వచ్చి నిలబడింది. కాఫీ కొట్టు ముందు ఊరంతా చేరింది. పడవలో జన్నీస్‌తో పనిచేసేవాళ్ళు ఇద్దరు, నికితాస్, లూకాస్. ఇద్దరూ అప్పటికే తాళ్ళు విప్పేశారు.

"పోదాం మామా. రాయి తల పొడిగానే ఉంది" అన్నాడు నికితాస్, రాయి వైపు చూడకుండా.

"నా కళ్ళు ఇంకా పోలేదురా."

"ఒక్కసారికి ఏం కాదు మామా. అత్త కోసం."

"నీకు ఇంట్లో ముగ్గురు పసివాళ్ళున్నారు. వాళ్ళకు నువ్వు కావాలా నా పెళ్ళాం కావాలా?"

కొట్టు యజమాని దుర్భిణి తెచ్చిచ్చాడు. జన్నీస్ చూశాడు. ఓడ పైభాగాన కుర్చీ, దుప్పటి, అటూ ఇటూ ఇద్దరు నావికులు. దుప్పటి మధ్య మారుసో పసుపు తలగుడ్డ. ఆమె అడుగు వెయ్యగల స్థితిలో లేదు. "ఇప్పుడు" అన్నా వెయ్యలేదు. కుర్చీతో సహా దించాలంటే ఆరు చేతులు కావాలి, ఆ రెప్పపాటులో ఆరు చేతులూ ఖాళీగా ఉండాలి, చుక్కాని దగ్గర ఎవరుంటారు? అప్పుడే నురుగు లేచి సన్యాసి రాయిని మొత్తం కప్పేసింది. అది దిగేదాకా చూశాడు. రాయి నల్లగా మెరుస్తూ బయటపడింది.

అప్పుడే ఊరి మెట్లు దిగి కతీంగో వచ్చింది. జనం దారిచ్చారు. ఆమె వచ్చి అతనికి మూరెడు దూరంలో నిలబడింది. పన్నెండేళ్ళలో అంత దగ్గరగా రాలేదు. తన కళ్ళలో ఏముందో చూడటానికే వచ్చిందని అతను అనుకున్నాడు. చూడనీ, ఆమెకు ఆ హక్కుంది.

అతను చేతులు పైకెత్తి అడ్డంగా పట్టాడు.

దూరాన పసుపు గుడ్డ దగ్గర ఒక చెయ్యి లేచింది. పిలిచిందో, వద్దందో, సిలువ గుర్తు వేసుకుందో, దుర్భిణి లేకుండా అతనికి తెలియలేదు. ఓడ మూడు కూతలు పెట్టింది. అది కొండ మొన దాటేవరకు అతని చేతులు దిగలేదు. కతీంగోయే పట్టుకుని దించింది.

"నువ్వు పడవెక్కుతావనే వచ్చాను జన్నీ. ఎక్కి ఉంటే మొహాన ఉమ్మేదాన్ని. నీ పెళ్ళాం కోసం వెళ్ళినవాడివి నా కొడుకు కోసం ఎందుకు వెళ్ళలేదని అడిగేదాన్ని" అంది. చేతులు వదలకుండానే, "పద, ఇంట్లో చారు ఉంది" అంది.

అతను తినలేదు. ఆమె గిన్నె అతని గుమ్మంలో పెట్టి, చల్లారకుండా తన శాలువా కప్పి వెళ్ళింది.

పక్క ద్వీపంలో మారుసోను ఎరగని మనుషులు మోసుకెళ్ళారు. రొట్టెల కొట్టు నడిపే ఎలెంగో అనే ఆవిడ, సెలవుల జనం కోసం ఉంచిన గదిని శీతాకాలంలో తెరిచి, పొయ్యి ముట్టించి, ఉతికిన దుప్పట్లు వేసి, మూడు రోజులు పక్కనే కూర్చుంది. శనివారం పొద్దున మారుసో పోయింది.

ఆదివారానికి సముద్రం నూనె పోసినట్టు ఉంది. సన్యాసి రాయి మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. తిరుగు ఓడకు జన్నీస్ పడవ తీసుకెళ్ళి, శవపేటికను దించుకున్నాడు. నికితాస్ చెయ్యి వెయ్యబోతే తల అడ్డంగా ఊపాడు. ఎలెంగో కూడా కొట్టు మూసుకుని వెంట వచ్చింది, అంత దూరం ఒంటరిగా ఎలా పంపుతానని.

పడవలో జన్నీస్ ఆమెను అడిగాడు, ఏమైనా అందా అని.

"ఎక్కువ నిద్రే అన్నయ్యా. మెలకువ వస్తే మాత్రం ఒకటే మాట. రాయి తల తడిసిందా అని. నాకు ఏ రాయో తెలీదు. వీధిలో కూడా అడిగొచ్చాను, ఎవరికీ తెలీదు. ఏదో ఒకటి చెప్పేద్దామనుకున్నాను గాని, ఆ స్థితిలో ఉన్న మనిషికి అబద్ధం ఎలా చెబుతాను? ఏం రాయది?"

జన్నీస్ చుక్కాని వదిలేశాడు. లూకాస్ అందుకున్నాడు. అతను పేటిక పక్కన మోకరించి, మూత మీద నోరు పెట్టి, "తడిసింది మారుసో. మొత్తం తడిసింది" అన్నాడు. ఒడ్డు చేరేవరకు అదే మాట.

ఒడ్డున ఫాదరు, ఊరు, ముందు వరసలో, పోయినవాళ్ళ పేరున పంచే ఉడికించిన గోధుమల పళ్ళెంతో కతీంగో. పేటిక ఇసుక మీద పెట్టాక కూడా అతను అదే అంటున్నాడని అందరికీ వినబడింది. కతీంగో పళ్ళెం పక్కవాళ్ళ చేతికిచ్చి వంగింది.

"తడిసింది తల్లీ. నేను చూశాను" అంది. ఆమె ఇంకా వంగే ఉంది. "నా బిడ్డ వచ్చిన ఆరోజూ తడిసింది."