దాణా వాసన

ముదినేపల్లి వీరరాఘవయ్యకు తన ముక్కు మీద తప్ప ఎవరి మీదా నమ్మకం లేదు. గుడివాడ నుంచి కోళ్ల దాణా రాగానే చిటికెడు ముక్కుపొడుం పీల్చి, బస్తాలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి, గుప్పెడు తీసి వాసన చూస్తాడు. ఈ వానల్లో అతని ఫారంలో రోజూ పదేసి కోళ్లు తలలు వాల్చేస్తున్నాయి. పశువుల డాక్టరు చచ్చిన కోడిని కోసి, పసుపచ్చగా ఉబ్బిన కార్జం చూపించి, "దాణాకి బూజు పట్టిందండీ, అదే విషం" అన్నాడు. వీరరాఘవయ్య ముందు డాక్టర్ని అనుమానించాడు, తర్వాత పక్క ఫారం వాణ్ణి.

"మీ పొడుం డబ్బాని అనుమానించరేం? బూజు కంపు నాకు వంటింట్లోకి కొడుతుంటే!" అంది భార్య అనసూయ.

వీరరాఘవయ్య మర్నాడు కొత్త బస్తా విప్పి, గుప్పెడు దాణా మొదటిసారి ఆవిడ ముక్కు దగ్గర పెట్టాడు. పెట్టి, ఆవిడ మొహంకేసి అనుమానంగా చూస్తూ నిలబడ్డాడు.