కక్షతో రాసిన అంకె

మా అత్తగారికి కోపం వస్తే గిన్నెలు విసిరే అలవాటు లేదు. మనసులో పెట్టుకుంటుంది. అలా పెట్టుకున్న వాటిలో అన్నిటికన్నా పెద్దది సొంత తమ్ముడి మీద, అదీ గడ్డి కోసం.

సముద్రపు గడ్డి. ఒడ్డుకు దగ్గర్లో, నడుంలోతు నీళ్ల అడుగున పెరుగుతుంది. చేపపిల్లలు దాక్కునేది అందులోనే. ఆస్పత్రిలో నర్సుగా రిటైరయ్యాక ఆవిడ ఊరికే కూర్చోలేక, జీతం బత్తెం లేని ఈ పనిలోకి దిగింది, నన్నూ దింపింది. గడ్డి పోయిన చోట ఆరు వందల మొక్కలు నాటాం. ఒక్కోదాన్నీ వంచిన ఇనప తీగకు దారంతో కట్టి, ఇసకలో గుచ్చాం. చుట్టూ కర్రలు పాతి ఎర్రగుడ్డలు కట్టాం. తీరా వేళ్లు పట్టుకునే వేళకి తమ్ముడుగారు, అంటే మా పడవ మావయ్య, షికారు జనాన్ని ఎక్కించుకుని, దగ్గరదారి అని వాటి మీదుగానే మరబోటు తోలాడు. వెళ్లి చూస్తే సగానికి సగం అడుగు నాగలితో దున్నినట్టుంది.

"చూసుకోలేదక్కా" అన్నాడు.

"కర్రలు ఫెళ్లున విరుగుతుంటే కూడా కనబడలేదట్రా?" అంది ఆవిడ. ఆ రోజు నుంచి గడప తొక్కనివ్వలేదు. "వాడి పడవ ఆ దారిన తిరక్కుండా చేసేదాకా నాకు నిద్రపట్టదే" అంది నాతో. నిద్ర బాగానే పట్టేది, గురక నేను వినేదాన్ని. కక్ష మాత్రం నిద్రపోలేదు.

తీరాన్ని కాపాడే సర్కారు ఆఫీసులో అధికారి ఒక దారి చూపించాడు. మూడేళ్లు, ఒకే నెలలో, ఒకే చోట్ల లెక్క తీసుకురండి, పడవల దారిలో గడ్డి తగ్గుతోందని తేలితే ఏం చేయాలో చూస్తాం అన్నాడు. దారి మూయిస్తారనే ఆవిడ అనుకుంది. నేనూ అనుకున్నాను.

నీళ్లు బాగా తీసిన పొద్దున తాడు పరిచి, ఐదేసి మీటర్లకు ఒకసారి నలుచదరపు ఇనప చట్రం అడుగుకి దించాలి. అది ఎక్కడ పడితే అక్కడే చూడాలి, మనకు కావలసిన చోటికి జరపకూడదు. చట్రంలో నూటికి ఎన్ని పాళ్లు గడ్డి కప్పిందో ఆవిడ చెబుతుంది, ప్లాస్టిక్ పలక మీద నేను పెన్సిల్‌తో రాస్తాను. మొదటేడు సగటున నలభై. రెండో ఏడు పాతిక. అత్తయ్య ముఖం వెలిగిపోయింది. తను నాటిన గడ్డి చస్తుంటే సంబరపడ్డ మనిషిని ఆవిణ్ణే చూశాను.

మూడో ఏడు మావయ్య ఇంజను పాడై, పడవ ఎనిమిది నెలలు ఒడ్డునే పడుంది. గడ్డి తిరిగొచ్చింది. నా కాళ్లకు చుట్టుకుంటోంది.

"అత్తయ్యా, అరవై ఉంటుంది!" అన్నాను ఆనందం పట్టలేక.

ఆవిడ చట్రం వంక చూసింది.

"పది రాయి."

"పదా?"

"చెవుడా నీకు? పది."

తాడు చివరిదాకా అంతే. నేను రాశాను. ఆ ఆరు వందల దారపు ముళ్లలో సగం నా వేళ్లు వేసినవే మరి, నాకూ మంటగానే ఉంది.

రెండు నెలలకు కాగితం వచ్చింది. దారి మూసే మాటే లేదు. మూడేళ్ల లెక్క ప్రకారం అక్కడ కాపాడదగినంత గడ్డి మిగల్లేదు కనక, పడవల రేవు కట్టుకోవడానికి అభ్యంతరం లేదట. రేవు అడిగింది ఎవరో వేరే చెప్పాలా?

అత్తయ్య ఆఫీసుకు పరిగెత్తింది. "పది కాదు బాబూ, అరవై. నేనే అబద్ధం రాయించాను."

"అయితే మిగతా రెండేళ్లు మాత్రం నిజమని ఎలా నమ్మమంటారమ్మా?" అన్నాడు అధికారి.

రేవుకు స్తంభాలు దించడం మొదలుపెట్టిన వారం మావయ్య మా ఇంటికొచ్చాడు. నాలుగేళ్ల తర్వాత.

"అక్కా, పని మొదలయ్యేముందు నీళ్లలో దిగి చూశాను. గడ్డి ఏపుగా ఉంది. కాగితంలో నువ్వేమో పది అని రాయించావు." అన్నాడు. "నామీద ఇంత ప్రేమ పెట్టుకుని, పైకి అంత కోపం నటించావా?"

"ప్రేమా పాడా! నిన్ను ముంచడానికి రాయించానురా!" అని అరిచింది అత్తయ్య.

మావయ్య కళ్లు తుడుచుకుంటూ ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఒక్క ముక్క నమ్మలేదు.