పెద్దబాపు పేరు కనిపించాలంటే

మా ఇంటిపేరు వాళ్ళ సంఘం వెబ్‌సైట్ చూసుకునేది నేనే. జీతం లేదు, తిట్లు మాత్రం ఉన్నాయి. వంశవృక్షంలో పోయినవాళ్ళ పేర్లు అందరికీ కనిపిస్తాయి, బతికున్నవాళ్ళ పేర్లను మాత్రం సాఫ్ట్‌వేర్ దాచేస్తుంది.

ఈ రోజు పొద్దున్నే మా నాన్న వాళ్ళ అన్న, పెద్దబాపు, ఫోన్ పట్టుకుని ఇబ్రహీంపట్నంలో మా ఇంటికి వచ్చాడు. ముత్తాతల పేర్లన్నీ గుర్తుచేసుకుని రాయించింది ఆయనే.

"అందరి పేర్లున్నయ్. నా పేరేదిరా?"

"బతికున్నోళ్ళయి చూపియ్యది పెద్దబాపూ."

"అయితే నేను సచ్చిన్నని రాయి. జర ఒక్కసారి చూస్కుంట."

ఒక్క నిమిషమే కదా అని 'మరణించారు' అన్నచోట నొక్కాను. పేరు వచ్చింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని మరీ చూసుకున్నాడు. ఈలోగా సాఫ్ట్‌వేర్ సంఘంలో అందరికీ సంతాప సందేశం పంపేసింది.

పదకొండుకల్లా హయత్‌నగర్ నుంచి, మీర్‌పేట్ నుంచి చుట్టాలు పూలదండలతో పెద్దబాపు ఇంటి ముందు దిగారు. ప్లాట్ల బేరాల్లో పడి పెళ్ళిళ్ళకు కూడా రానివాళ్ళు! పెద్దబాపు గుమ్మంలో కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు. నేను అందరికీ చేతులు జోడించి క్షమాపణ చెబుతుంటే, ఆయన ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి కూర్చోబెట్టాడు.

సాయంత్రం అందరూ వెళ్ళాక, "ఇగ మళ్ళ బతికున్నట్టు మార్చాల్నా?" అని అడిగాను.

"రేపటిదాంక ఉండనియ్యిరా. బాలాపూరోళ్ళు ఇంక రాలే."

బాలాపూర్ చుట్టాలూ, ఇది చదువుతుంటే కింద ఒక మాట రాయండి. రేపు వస్తారా, లేక ఆయన్ని ఎల్లుండి దాకా చంపి ఉంచమంటారా?