చోడి డబ్బా, చిటికెడు యూరియా

నా చిన్నప్పుడు అర్థం కానిది ఈ వయసులోనూ అర్థం కాకపోయినా, నా చెయ్యి విడువని దేవునికి స్తోత్రం. ఆయన కృప నా తెలివిని బట్టి రాలేదని ఒప్పుకుని ఈ సంగతి రాస్తున్నాను.

మేము బెంగాలీల నడుమ ఖిదిర్‌పూర్‌లో రేవు కూలీల క్వార్టర్లలో ఉండేవాళ్లం. మా తెలుగు క్రైస్తవ సంఘంలో ఏటా కోతపండుగ జరిగేది గాని, కోసుకోవడానికి ఎవరికీ పొలం లేదు. బజారులో కొన్న గుమ్మడికాయలే తెచ్చి గుడిలో పెట్టేవారు. విజయనగరం వైపు మెట్టలో చోళ్లు, అంటే రాగులు, పండించి, ముసలితనంలో మా దగ్గరికి వచ్చిన మా తాతయ్యకు అది చిన్నతనంగా ఉండేది. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఆయన రెండు ఖాళీ డబ్బాల్లో మట్టి నింపి నాచేత చోళ్లు చల్లించాడు. ఒకటి తనది, ఒకటి నాది. ఈసారి మన చేతి కంకులే దేవుడికి ఇద్దామన్నాడు.

డబ్బాలు వాన పడకుండా చూరు కింద పెట్టి, నాలుగు రోజులకోసారే నీళ్లు పోయనిచ్చాడు. మెట్ట అంటే అంతేనట. మట్టిలో తరిగిన గడ్డి కలిపితే తడి నిలుస్తుందని, కుళ్లాక బలమిస్తుందని చెప్పాడు. గాజుసామాను పెట్టెల్లోంచి తీసి పారేసే గడ్డి మాకు దొరికేది. కొంచెం మంచిదైతే ఎక్కువ ఇంకా మంచిదనుకుని నా డబ్బాలో గుప్పిళ్లకొద్దీ కలిపేశాను.

మొలకలు బాగానే లేచాయి. తరవాత నావి పసుపురంగుకు తిరిగి కుంగిపోయాయి. తాతయ్యవి ఆకుపచ్చగా నవనవలాడుతున్నాయి. అదే మట్టి, అదే గడ్డి, అవే నీళ్లు. అయితే తేడా నాలోనే ఉందనుకున్నాను. చేసిన పాపాలన్నీ గుర్తుచేసుకుంటూ రోజూ పొద్దున్నే డబ్బా ముందు మోకరించి ఏడ్చేదాన్ని. కంకి రాకపోతే దేవుడు నన్ను వద్దన్నట్టే.

పది రోజుల్లో ఆకులు తేరుకున్నాయి. నా ప్రార్థన విని దేవుడే మొక్కల్ని బతికించాడని ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాను. సంఘమంతా స్తోత్రం అంది. తాతయ్య మాత్రం తల దించుకుని కూర్చున్నాడు.

ఇంటికి నడుస్తూ ఆయనే బయటపెట్టాడు. మొక్కలమ్మే బెంగాలీ దాదా దగ్గర యూరియా పొట్లం కొన్నాడట. తన డబ్బాలో మొదట్నుంచీ చిటికెడు కలిపాడు. నావి కుంగిపోయాక, నేను బడికెళ్లినప్పుడు నా డబ్బాలోనూ వేశాడు.

"గడ్డి కుళ్లాలంటే దానికీ తిండి కావాలే గుంటా. నువ్వు ఎక్కువేసినావు. మొక్క తినాల్సింది అదే ముందు తినేసింది."

మరి గడ్డి ఎందుకు, యూరియా ఒక్కటే చాలదా అని అడిగాను. మెట్టలో ఉత్త యూరియా వేస్తే తడి లేని నాడు మొక్క మాడిపోతుందని, గడ్డి తడిని పట్టుకుని, తిన్నదాన్ని నెమ్మదిగా తిరిగి ఇస్తుందని చెప్పాడు. రెండూ కలిసే ఉండాలట. నాకు కావలసిన జవాబు అది కాదు.

"అయితే దేవుడేటి సేసినాడు తాతా? నేను అబద్ధ సాక్ష్యం సెప్పీసినానా?"

"నాకూ తెల్దే. నువ్వు ఏడుస్తుంటే సూళ్లేక ఏసినాను. నా మనసు కదిపిందెవరో ఆయన్నే అడుగు."

కోతపండుగ నాడు నా కంకులు నాలుగు గుడిలో పెట్టి, యూరియా సంగతి అందరి ముందూ చెప్పాను. వెనక నుంచి ఒక మామ్మ, "మరి మా స్తోత్రాలు ఎనక్కిచ్చేస్తావేటే?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఇవ్వాలో వద్దో నిజంగానే తెలియలేదు.

ఇప్పుడు న్యూ టౌన్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉంటున్నాను. ఎవరికైనా జబ్బు చేసిందంటే ముందు మోకరిస్తాను, తరవాత గంజి కాచి పట్టుకెళ్తాను. వాళ్లు లేచి కూర్చుంటే ఏది పనిచేసిందో ఇప్పటికీ చెప్పలేను. ఆ రోజు నుంచీ ఒకటి చేసి రెండోది మానడం మాత్రం నాకు చేతకాలేదు.

చదివినవారు నాతో కలిసి ఈ మాట ప్రార్థించండి: ప్రభువా, మా మోకాళ్ల పని, మా చేతుల పని నీ దగ్గర ఎక్కడ కలుస్తాయో మాకు తెలియదు. తెలియకపోయినా రెండూ మాచేత చేయించు. ఆమేన్.