కొంగు చూపించేసరికి ఆగిపోయే లైవు

మార్చి నెల, శుక్రవారం మధ్యాహ్నం, బ్రాడీపేటలో మా ఇల్లు. హాజరైనవారు: నేను, నా భార్య, మా కోడలు, ఇంటర్నెట్ లైను చూసే భాయ్.

మా కోడలు మంగళగిరి చీరలు ఫోన్లో లైవు పెట్టి అమ్ముతుంది. నెల రోజులుగా ఒకటే జబ్బు. అంచు చూపించినంతసేపూ బొమ్మ బాగానే ఉంటుంది. కొంగు పరిచేసరికి బిగుసుకుపోతుంది. కొంగులో ఏదో లోపం దాస్తోందని కొనేవాళ్లు అనుమానించడం మొదలుపెట్టారు. చీరలిచ్చే నేతాయన ఆ మాట విని, "రేపటి లైవు కూడా ఇట్టాగే ఆగితే మూట తీసుకెళ్లిపోతానమ్మా" అని తేల్చి చెప్పాడు.

భాయ్ స్పీడు కొలిచి చూపించాడు. "చూడండి సార్, గుర్రంలా పరిగెడతంది. మా లైన్లో తప్పే లేదు."

"అది లోపలికొచ్చే స్పీడు కదయ్యా! మా కోడలు పంపించేది బయటికి" అన్నాను.

నేను పనిచేసింది మిర్చి యార్డులో. రోడ్డు ఎంత వెడల్పున్నా, గేటు ఇరుకైతే టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లారీలు బారులు తీరాల్సిందే. వరస ఎక్కడ మొదలవుతోందో కనిపెడితే సగం పని అయినట్టే. అందుకని భాయ్‌ని లాప్‌టాప్‌లో పింగ్ నడపమన్నాను. బయటి కంప్యూటరుకి చిన్న పలకరింపు పంపి, జవాబు ఎంత ఆలస్యంగా వస్తోందో చూపించే పరీక్ష అది. దాంతోపాటు కోడలితో ఉత్తుత్తి లైవు పెట్టించాను.

అంచు చూపించింది. జవాబులు టకటకా వస్తున్నాయి. కొంగు పరిచింది. కాసేపటికి అంకెలు ఎగబాకాయి, బొమ్మ ఆగింది.

"జరీ బరువెక్కువైనట్టుంది సార్, లైను మొయ్యలేకపోతంది!" అని భాయ్ నవ్వాడు.

నవ్వులాటకి అన్నా, అది కొట్టిపారేసే మాట కాదు. సన్నని గీతలున్న బొమ్మకి ఎక్కువ చోటు కావాలట. సరే, దాన్నీ తేల్చేద్దామని ఈసారి కొంగుతోనే మొదలుపెట్టమన్నాను. ఆగలేదు! నాకు ఉత్సాహం ఆగలేదు. తప్పు కొంగుది కాదన్నమాట! ఇంతలో అంకెలు మళ్లీ లేచాయి. అదే క్షణంలో తలుపు పక్కనుంచి నా భార్య గొంతు వినపడింది.

"అక్కా, కనపడతందా? ఇదిగో కొంగు!"

ముగ్గురం అటు తిరిగాం. ఆవిడ చేతిలో ఫోను. అందులో పొదిలి నుంచి వీడియో కాల్లో మా వదినగారు. "చెయ్యి అడ్డం తియ్యవే!" అంటున్నారు.

వదినగారికి లైవు తెరవడం రాదు. అంచు ఎవరైనా నేస్తారు, చీరకి అందం కొంగే అని ఆవిడ నమ్మకం. కొంగు పరిచినప్పుడల్లా తనకి ఫోన్ చెయ్యమని చెల్లెలికి ఆజ్ఞ.

"పెట్టెయ్" అన్నాను. అంకెలు దిగాయి. "మళ్లీ చెయ్." ఎక్కాయి. "పెట్టెయ్." దిగాయి! పట్టలేని సంతోషంతో లేచి నిలబడ్డాను.

"ఏమండీ, నేనేదో దొంగతనం చేసినట్టు ఆ గంతులేంటి?"

కోడలు పకపకా నవ్వింది. "నెల్రోజులు వైఫైని తిట్టాను కదా అత్తయ్యా!"

బయటికి పోయే దారి ఇరుకు. అందులో రెండు వీడియోలు ఒకేసారి తోసుకుంటున్నాయి. భాయ్ రౌటరులో కోడలి ఫోనుకి ముందు దారి వదిలేలా మార్చాడు. నా భార్య ఫోన్లో వైఫై తీసేసి, "ఇక మీ అక్కగారికి సిమ్ము మీదే చూపించండమ్మా" అన్నాడు.

మర్నాడు పొద్దున నేతాయన వచ్చి వసారాలో కూర్చున్నాడు, తన ఫోన్లో లైవు తెరుచుకుని. కోడలు మొదటి చీర కొంగే తీసి, వేళ్లతో పట్టి, నెమ్మదిగా అటూ ఇటూ తిప్పింది. లోపల నా భార్య అక్కతో వర్ణిస్తూనే ఉంది. బొమ్మ ఆగలేదు. "ఇంకొంచెం దగ్గరగా పెట్టమ్మా" అని ఎవరో రాశారు. పెట్టింది. నాలుగో చీరకి నేతాయన లేచి చెప్పులేసుకున్నాడు.

"మూట ఇక్కడే ఉండనివ్వండి. నీలం రంగువి ఇంటి దగ్గరున్నాయి, అవి కూడా తెస్తా" అని స్కూటరు తీశాడు.