స్టామెన మెడలో కోడలి వెండి

మా పిరిన్ కొండల్లో కొత్త కోడలికి గొంతు అక్కర్లేదు, వెండి ఉంటే చాలు. నుదుటి మీద గొలుసులు, మెడలో నాణేల దండలు, నడుముకు అరచేతులంత రెండు వెండి బిళ్ళలు. పెళ్ళయ్యాక నలభై రోజులు అవి ఒంటి మీంచి తీయకూడదు, పుట్టింటి గడప తొక్కకూడదు. ఆ వెండి చప్పుడుకు దయ్యాలు పారిపోతాయని అత్తలు చెబుతారు. దయ్యాల సంగతి నాకు తెలియదు గానీ, కోడలు బావి దగ్గరుందో పొయ్యి దగ్గరుందో అత్తకు కూర్చున్న చోటే తెలిసిపోతుంది.

మా గోడ అవతలి స్టామెన ఈ విద్యలో ఆరితేరిన మనిషి. ఊళ్ళో ఎవరి కోడలు అలిగి వెళ్ళిపోయినా చర్చి మెట్ల మీద ముందు నవ్వేది ఆవిడే. "కోడల్ని ఇంట్లో నిలుపుకోలేనిది కొడుక్కి పెళ్ళెందుకు చేసిందట?" అనేది. అందుకే ఆవిడ కొడుకు పెళ్ళి చేసుకుని, వారం తిరక్కుండా గొర్రెల్ని తోలుకుని మైదానాలకు దిగిపోయాక, ఆ ఇంట్లో గిన్నె జారినా విందామని ఊరంతా చెవులు రిక్కించుకుని కూర్చుంది. నాకంత శ్రమ లేదు, మధ్యలో గోడ ఒక్కటే.

ఇరవయ్యో రోజున కొండ అవతలి నుంచి కోడలు ఇలింకా వాళ్ళన్న వచ్చాడు.

"అమ్మ మంచాన పడిందత్తా. నాలుగు రోజులు కూడా ఉండేలా లేదు. చెల్లిని ఒక్కసారి పంపు."

"ఇంకా ఇరవై రోజులున్నాయి బాబూ," అంది స్టామెన. "మీ అమ్మను కాస్త ఓపిక పట్టమను."

నా చెవులారా విన్నాను. ఆ పిల్ల ఏడుపూ విన్నాను. వెళ్ళి రెండు మాటలు అడుగుదామా అనుకున్నాను, కానీ నాకెందుకొచ్చిన గొడవ అని ఊరుకున్నాను. నేనూ అంతే మనిషిని.

మర్నాడు తెల్లారగానే ఇలింకా ఒంటి మీది వెండంతా ఊడదీసి, పెరట్లో మేక మెడకు చుట్టి, కొండ ఎక్కేసింది. స్టామెన మగ్గం ముందు కూర్చుని ఆ గలగలలు వింటూ, పిల్ల పనిలో పడిందని మధ్యాహ్నం దాకా మురిసిపోయింది. ఆకలేసి బయటికొచ్చేసరికి మేక ఒంటినిండా నగలతో క్యాబేజీ మడి మేస్తోంది. ఈ ముక్క నాకు ఆవిడే చెప్పింది, చాలా ఏళ్ళ తర్వాత.

అప్పుడు నాకు తెలిసిందల్లా ఆ ఇంటి చప్పుడు మారిందని. నాలుగడుగులు వేస్తుంది, ఆగుతుంది, ఒక మూలుగు, మళ్ళీ నాలుగడుగులు.

"ఏం వదినా, మీ కోడలి నడక బరువెక్కిందే?" అని గోడ మీంచి కేకేశాను.

"పని చేసే పిల్ల అలాగే నడుస్తుంది," అంది గోడ వెనక నుంచి.

బరువు నడకకు నాకు తోచిన కారణం ఒక్కటే. నా నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికల్లా ఇలింకా నీళ్ళోసుకుందని ఊరంతా తెలిసిపోయింది. మూడో రోజున అయిదుగురు ఆడవాళ్ళం వేడి రొట్టె, తేనె పట్టుకుని వాళ్ళ గేటు తోసుకుని లోపలికి వెళ్ళాం.

అరవై ఏళ్ళ స్టామెన, నల్లటి విధవ బట్టల మీద కొత్త పెళ్ళికూతురి వెండంతా దిగేసుకుని, నీళ్ళ బకెట్టు మోస్తోంది. నడుం బిళ్ళలు చుట్టూ అందక వెనక తాడుతో ముడేసుకుంది. ముందు నవ్వింది నేనే. మిల్లు వాడి భార్య ద్రాగ్నా నవ్వలేదు. వాళ్ళ కోడలు పారిపోయినప్పుడు స్టామెన నవ్విన నవ్వు ఆవిడ మర్చిపోలేదు.

"కోడలేదీ?" అంది నెమ్మదిగా.

స్టామెన బకెట్టు దింపింది. పారిపోయిందని ఒక్క మాటంటే ఇక చర్చి మెట్లెక్కే మొహం ఉండదు. అది మాకూ తెలుసు, అందుకే కాచుకుని నిలబడ్డాం.

"పుట్టింటికి వెళ్ళింది. నేనే పంపాను."

"నలభై కాకుండానే?"

"వాళ్ళమ్మ పోయేలా ఉంది. మా అమ్మ పోయినప్పుడు నేనూ ఇదే వెండిలో ఉన్నాను. మా అత్త పంపలేదు. మన్ను కప్పేశాక పంపింది."

స్టామెన నా వైపే చూస్తోంది. గోడకు చెవులున్నాయనీ, ఆ చెవులు నావేననీ ఆవిడకు తెలుసు. ఓపిక పట్టమన్న ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆవిడ మీద నాకు జాలేసింది, నా మీద నాకు సిగ్గేసింది.

"గుడ్లప్పగించి చూస్తావేం? వెనక ముడి విప్పు, నడుం విరిగిపోతోంది," అంది.

విప్పాను. ఆ బరువుకు నా చేతులు కిందికి జారాయి. స్టామెన ద్రాగ్నా చేతిలోంచి రొట్టె లాక్కుని నా చేతిలో కుక్కింది.

"ఇది పట్టుకుని కొండ దాటు. అమ్మ దగ్గర ఎన్నాళ్ళుండాలో అన్నాళ్ళూ ఉండమని మా పిల్లకు చెప్పు. నేనే పంపానని కూడా చెప్పు, దానికింకా తెలీదు."