పీపా లోపలి గీతలు

ఆర్డిస్ క్యూల్ చేతిలో పడ్డ గిన్నె మెరిసి తీరాల్సిందే. అమెరికాలో షెబోయ్‌గన్ అనే ఊళ్ళో ఆ ఇంట కాపురం పెట్టిన నాటినుంచీ ఆవిడకి తెలిసిన లోకం వండటం, తోమటం, దోసకాయలు ఊరబెట్టి సీసాలకెత్తటం. మాటలు తక్కువ. భర్త మెర్ల్ అలా కాదు. గ్యారేజీలో బీరు కాస్తూ వీధి చివరిదాకా వినపడేలా పాడేవాడు. ఉడికే బార్లీ వాసన కిటికీ తెరలకి పట్టేస్తుందని ఆవిడ వంటింటివైపు తలుపు మూసే ఉంచేది. ఆయనా ఎప్పుడూ తెరవమనలేదు.

ఆ చలికాలం వాకిట్లో మంచు పారతో ఎత్తిపోస్తూ మెర్ల్ అక్కడే కూలిపోయాడు.

ఊళ్ళో ఇళ్ళల్లో బీరు కాచుకునేవాళ్ళకి ఒక సంఘం ఉంది. వాళ్ళలో ఎవరైనా పోతే, మంచు కరిగాక మిగతావాళ్ళు ఆ మనిషి వాకిట్లో చేరి, ఆ మనిషి పీపాలోనే ఒక కాపు బీరు కాస్తారు. ఆ తర్వాత పీపా సంఘంలో అందరికంటే కొత్తగా చేరినవాళ్ళ ఇంటికి వెళ్ళిపోతుంది. మెర్ల్ కాపు మే నెలలో ఒక శనివారం అనుకున్నారు.

మెర్ల్‌ది ఎవరో సారాకొట్టు వాళ్ళు సొట్టపడిందని వదిలేసిన స్టీలు పీపా. పైభాగం కోసేసి కాగులా చేసుకున్నాడు. శనివారానికి అది అద్దంలా ఉండాలని ఆర్డిస్ పట్టుదల. మొగుడు పోగానే ఆయన వస్తువులు మూల పడేసిందన్న మాట రాకూడదు. సింకు కింద ఉండే ఇనుప పీచు తీసుకుని, మాడిన పెనం తోమినట్టు ఒళ్ళు మరిచి తోమింది. లోపలి గోడమీద మెర్ల్ మేకుతో గీసుకున్న గీతలు కనిపించాయి. ఎక్కడిదాకా నీళ్ళు పోయాలో గుర్తులవి. పక్కనే అంకెలు. ఆయన రాసే ఏడు ఎప్పుడూ నడుం నొప్పి మనిషిలా ముందుకి వాలి ఉండేది. ఆ గీతల్లో మురికి మిగలకూడదని పీచు దూర్చి దూర్చి రుద్దింది. కడిగి, నీళ్ళు ఓడేందుకు బోర్లించింది.

మర్నాడు చూస్తే పీపా నిండా తుప్పు చుక్కలు.

డ్వేన్ ప్రస్ట్‌కి ఫోను చేసింది. మెర్ల్‌లాగే తనింట్లో బీరు కాచుకునే సంఘం మనిషి, పాల ఫ్యాక్టరీల్లో స్టీలు తొట్లు అతికి రిటైరైనవాడు. వస్తూనే పీపాలోకి తొంగిచూశాడు.

"ఏం పెట్టి తోమావు?"

"పీచు."

"ఏ పీచు?"

తెచ్చి చూపించింది.

"ఓరి దేవుడా! ఇది ముక్కలు ముక్కలుగా ఊడి స్టీల్లో ఇరుక్కుంటుంది ఆర్డిస్. తుప్పు పట్టింది పీపా కాదు, నీ పీచు. లోపల కూడా తోమావా?"

"ముందు లోపలే తోమాను. నోట్లోకి వెళ్ళేది ఉండేది లోపలేగా?"

"మెర్ల్ గనక ఉంటే గ్యారేజీకి తాళం వేసి తాళంచెవి మింగేసేవాడు."

ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వు ఆగకముందే కళ్ళు నిండాయి. డ్వేన్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇందులో కాస్తే ఏమవుతుంది?"

"నాలిక కొరుక్కుంటే నెత్తురు తగిలినట్టుంటుంది. ఒక గుటక వేసి, మర్యాదకి బాగుందంటారు."

"ఆయన బీరు మర్యాదకి తాగుతారా?"

"నా పీపా తెస్తాలే."

"నీదెందుకు? ఆయన దాంట్లోనే కాయాలి."

వేడినీళ్ళలో నిమ్మఉప్పు కలిపి పీపా నిండా పోసి ఉంచారు. చుక్కలు పోయాయి. పరీక్షకి మళ్ళీ తడిపి వదిలారు. తెల్లారేసరికి గోడంతా శుభ్రంగానే ఉంది, గీతల్లోంచి మాత్రం ఎర్రగా కారుతోంది. ఆవిడ పనిగట్టుకుని దూర్చిన ఇనుమంతా వాటి లోతుల్లో ఉండిపోయింది.

డ్వేన్ ఒక గీతమీద వేలితో రాసి, ఎర్రబడ్డ వేలు చూసుకున్నాడు. "అరగదీయాలి," అన్నాడు చివరికి.

"గీతలనా?"

"ఊఁ."

"ఇంకో దారి?"

"ఉంటే నీకు చెప్పనా? నువ్వు లోపలికెళ్ళి కాఫీ పెట్టుకో. గరుకు కాగితంతో నేను కానిచ్చేస్తాను."

"ఆ కాగితం ఇటివ్వు."

ఇనుము తగలని కొత్త గరుకు కాగితం ఇచ్చాడు. "ఒకేవైపు లాగు. అటూ ఇటూ పామావో, నీ గీతలు మిగులుతాయి."

పీపాని పక్కకి పడుకోబెట్టి, తల లోపల పెట్టి కూచుంది. అన్నిసార్లు తోమినా బార్లీ వాసన ఇంకా ఉంది. అడుగు గీత ముందు పోయింది. తర్వాత దానిపైది. జీవితమంతా ఆవిడ తోమి వదిలించింది మురికినే. మురికి కానిదాన్ని చెరపటం చేతులకి కొత్త. ఏడు అంకె దగ్గర ఆగి బొటనవేలితో తడిమింది.

"అలిసిపోయావా?" బయటినుంచి డ్వేన్.

"లేదు," అని మళ్ళీ లాగింది.

ఆ తర్వాత సన్న కాగితం, అంతకంటే సన్నది, చివరికి గుడ్డతో మెరుగు. మళ్ళీ తడిపి చూస్తే ఎక్కడా ఒక్క చుక్క లేదు. ఆ మెరుపు వంక ఆవిడ చూడలేకపోయింది.

శనివారం వాకిలి నిండింది. ఒక పక్క పొయ్యిమీద బ్రాట్‌లు, పందిమాంసం సాసేజీలు, కాలుతున్నాయి. డ్వేన్ నీళ్ళ గొట్టం పట్టుకుని పీపామీదికి వంగాడు. కాస్త తటపటాయించి అడిగాడు.

"ఎక్కడిదాకా పోసేవాడు ఆర్డిస్?"

అందరూ ఆవిడవైపు చూశారు.

"ఏ గీతదాకానో నాకు తెలీదు. ఆయన ఉండగా ఒక్కసారి కూడా ఇందులోకి చూడలేదు."

డ్వేన్ గొట్టం ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "పోనీ, కొలిచి పోద్దాం. పోసినంత మేరకి మేకుతో మళ్ళీ గుర్తు పెట్టేస్తాను."

"పెట్టకు."

"ఒక్క గీతే కదా..."

"పీపా ఎవరికి?"

కొత్తగా చేరిన జోలీన్, పాతికేళ్ళు ఉంటాయేమో, భయంభయంగా చెయ్యెత్తింది.

"అయితే ఈ పిల్లే గీసుకుంటుంది. తన చేత్తో," అంది ఆర్డిస్. వంటింట్లోంచి కొలత జగ్గు తెచ్చి, గొట్టం కింద పట్టి, మొదటి జగ్గు పీపాలో తనే పోసింది.